మా మామ పెట్టెలో నల్లబడిన జరీ

ధర్మవరంలో కాపురానికి వచ్చిన కొత్తలో, మా అత్తగారింట్లో బంగారం ఎంత ఉందో తెలుసుకుందామని ఒక కంట కనిపెడుతూ ఉండేదాన్ని. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొత్త కోడళ్ళందరూ చేసే పనే, పైకి చెప్పుకోరంతే. మూడు మగ్గాలు ఆడే ఇల్లు. మా మామ నేతకు ఊళ్ళో మంచి పేరు. ఒక్కడే కొడుకు. ఇనప్పెట్టె లేకపోయినా కనీసం అత్త మెడలో రెండు పేటల గొలుసైనా ఉంటుందనుకున్నాను. నెల తిరిగేసరికి తేలిందేమిటంటే, అత్తకు మెడలో పుస్తెలు, చెవులకు కమ్మలు, అంతే. ఆ ఇంటి ఆస్తి మొత్తం నడిమింట్లో గోడవారన ఉన్న టేకు పెట్టెలో ఉంది. ఆ పెట్టెలో ఉన్నవి ఏడు పాత పట్టుచీరలు.

పాతవంటే నిజంగానే పాతవి. ఎవరో కట్టి విడిచినవి. ఒకదానికి కొంగు దగ్గర పసుపు మరక కూడా ఉండేది. పట్టుచీరలు నేసే ఇంట్లో ఎవరో కట్టిన పాత చీరలు ఆస్తిగా దాచుకోవడమేమిటని నాకు నవ్వొచ్చింది. మిఠాయి అంగడివాడు పక్కింటివాళ్ళు మిగిల్చిన లడ్డు దాచుకున్నట్టు ఉందని మా చెల్లెలితో అన్నాను కూడా.

ఆ రోజుల్లో మా వైపు పాత జరీ కొనేవాళ్ళు ఊరూరా తిరిగేవాళ్ళు. భుజాన జోలె, చేతిలో చిన్న తక్కెడ. చిరిగిన పట్టుచీరలను తూకానికి కొని, అంచులూ కొంగులూ కత్తిరించి, నిప్పుల్లో వేసి కాల్చేవాళ్ళు. పట్టు కాలిపోతే జరీలోని వెండి ముద్దగా మిగిలేది. ఏ తల్లో ఏ బిడ్డ పెళ్ళికో ముచ్చటపడి నేయించిన చీర చివరికి ఉసిరికాయంత వెండిముద్ద అయి, ఆ జోలెలో పడేది.

మా మామకు ఈ కాల్చేవాళ్ళంటే ఒళ్ళుమంట. నేత డబ్బు చేతికందిన నెలల్లో, అందరూ కాసో కమ్మో కొనుక్కుంటుంటే, ఆయన కళ్యాణదుర్గం వైపో బుక్కరాయసముద్రం వైపో బస్సెక్కేవాడు. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు తెలుసు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, వానల గురించి మాట్లాడి, చివరికి పెద్దామెను పాత చీరలు చూపించమనేవాడు. నచ్చిన అంచు కనబడితే కాల్చేవాడు ఇచ్చే ధర మీద ఇంకొంత వేసి కొనేవాడు. ఇరవై ఏళ్ళలో ఆయనకు నచ్చినవి ఏడే.

"బంగారం కొనేదానికి దుడ్లుంటే చాలు," అనేవాడు. "ఇట్లాంటిది కొనల్లంటే కండ్లుండాల. ఈ అంచు నేసినోడు చచ్చిపోయినాడు, వాని కొడుకు నేర్చుకోలేదు. ఇంగ ఇది పుట్టదు. పుట్టనిదాని ధర పెరగక యాడికి పోతాది?"

వినడానికి బాగానే ఉండేది. మా అత్త మాత్రం వంటింట్లోంచి, "పెరిగినప్పుడు నాకు రెండు గాజులు చేయించప్పా," అని గట్టిగా అనేది.

ఈ చీరలను చూసుకునే పని నాకు అప్పజెప్పారు. నిజానికి ఆ పని కోసమే నన్ను కోడలిగా తెచ్చుకున్నారని నా అనుమానం. పెళ్ళిచూపుల్లో నన్నెవరూ పాట పాడమనలేదు, నడిపించి చూడలేదు. మా మామ నా రెండు అరచేతులూ తిప్పి చూసి, తన వేళ్ళతో తాకి, "చెమట పట్టని చేతులు," అని తలూపాడు. చెమట చేతులతో ముట్టుకుంటే జరీ చెడిపోతుందట. నా అదృష్టమంతా అరచేతుల్లోనే ఉందని మా అమ్మ చాలాకాలం వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

పట్టుచీరను ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే ఆ మడత దగ్గరే పట్టు తెగుతుంది. అందుకని మూడు నెలలకోసారి పెట్టె తెరవాలి. ఒక్కో చీరను తీసి నీడలో ఆరబెట్టి, మడత మార్చి, ఉతికిన పాత పంచెలో చుట్టి మళ్ళీ పెట్టాలి. మొదట్లో విసుక్కుంటూ చేశాను. రెండో ఏడాదికి నాకు తెలియకుండానే ఆ చీరల మీద ఇష్టం పెరిగింది. ఒకదాని అంచులో హంసలు బారుగా పోతుంటాయి. ఒకదానిలో ఏనుగుకూ ఏనుగుకూ నడుమ ఒక చిన్న దీపం. అన్నిటికన్నా అడుగున ఉండే వంకాయరంగు చీర అంచుకు మాత్రం పేరు లేదు. అది ఆకో, అలో, పక్షి రెక్కో ఎవరూ చెప్పలేరు. మా మామ దాని పోగులు లెక్కపెడుతూ పూటంతా కూర్చునేవాడు. ఆ అంచు ఎట్లా నేశారో ఆయనకూ పూర్తిగా అంతు చిక్కలేదు. పుట్టింటికి పోయినప్పుడు కూడా పెట్టె తెరిచే రోజు దగ్గరపడితే నాకు మనసు ఆగేది కాదు.

నేను కాపురానికి వచ్చిన మూడో ఏట, అంటే నయాపైసలకు జనం ఇంకా అలవాటు పడుతున్న రోజుల్లో, హంసల చీర మూలలో ఒక చిల్లు చూశాను. ఆవగింజంతే. పక్కనే ఒక వెండిరంగు పురుగు సరసరా పాకిపోయింది.  ఈ సంగతి మామకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చెబితే ఆయన బాధపడతాడు, లేదా నన్ను అంటాడు. రెండూ నాకిష్టం లేదు. నేనే బాగుచేసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. తెలివైనదాన్ననుకోవడమే నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

మా పుట్టిల్లు బెళుగుప్ప దగ్గర పల్లె. మాదీ నేతగాళ్ళ కులమే అయినా, మా తాత కాలంలోనే మగ్గం వదిలేసి వేరుశనగ సేద్యంలోకి దిగారు. విత్తనం కాయలకు పురుగు పట్టకుండా మా నాయన ఒక పని చేసేవాడు. గంధకం పొడిని గుడ్డలో మూటగట్టి కుండలో వేసి, మూతి బిగించేవాడు. మళ్ళీ వానలు పడి విత్తేదాకా ఒక్క కాయ పుచ్చేది కాదు. విత్తనాన్ని కాపాడేది చీరను కాపాడదా? పండగకు పుట్టింటికి పోయినప్పుడు పిడికెడు గంధకం కొంగున కట్టుకొచ్చి, చిన్న మూట చేసి, హంసల చీర మడతలో పెట్టాను. పెట్టె మూసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేతగాళ్ళ ఇంట్లో పుట్టి పెరిగిన ఏ ఆడపిల్లా ఈ పని చేయదు. గంధకం తగిలితే వెండి ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. నాకు తెలిసింది విత్తనాల కుండ ఒక్కటే.

మూడు నెలల తర్వాత పెట్టె తెరిచాను. హంసలు నల్లగా ఉన్నాయి. కాటుక పూసినట్టు, బారు బారంతా నలుపే. కొంగు మీద మూట తగిలిన చోట మరీ మసిబొగ్గులాగా ఉంది. నా పైట కొంగుతో తుడిచాను, పోలేదు. గోరుతో గీకబోయి భయపడి ఆగిపోయాను.  అత్త కాలవ కాడికి పోయింది, మగవాళ్ళిద్దరూ మగ్గం గుంతల్లో కూర్చుని నేస్తున్నారు. ఆ మూట తీసుకుపోయి పెరట్లో బూడిదకుప్ప మీద విసిరేశాను. చీరను నలుపు లోపలికి పోయేలా మడిచి, అన్నిటికన్నా అడుగున పెట్టేశాను. మిగతా ఆరూ అప్పటికి బాగానే ఉన్నాయి. నా కళ్ళతో నేను చూశాను.

చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ ఆ వారమే ఇంట్లో వేరే రామాయణం మొదలైంది.

మా ఆయనకు ఆశ ఎప్పుడూ మనిషికన్నా నాలుగడుగులు ముందు నడుస్తుంది. కళ్యాణదుర్గంలో ఆయన స్నేహితుడొకడు కాయలు ఒలిచే మిల్లు పెడుతున్నాడట, సగం భాగానికి రమ్మంటున్నాడట. మా జిల్లా అంతా వేరుశనగే కదా, మిల్లు పెడితే తిరుగేముందని ఆయన లెక్క. భాగానికి పెట్టుబడి ఎక్కడిదంటే, పెట్టె వైపు చూశాడు.

"బెంగళూరులో పెద్దింటోళ్ళు ఇట్లాంటి పాత చీరలకు యాడలేని ధర ఇస్తాండారు నాయనా," అన్నాడు. "నా స్నేహితునికి తెలిసిన వ్యాపారి ఉన్నాడు. పెట్టెలో పండుకోని ఉండే చీరలు మనకు కూడు పెడతాయా?"

"పెట్టవు," అన్నాడు మా మామ.

"మిల్లు పెడతాది."

"వాన పడితే పెడతాది."

"వాన పడకుండా యాడికి పోతాది?" అన్నాడు మా ఆయన. మా జిల్లాలో పుట్టి పెరిగినవాడు ఆ మాట ఎట్లా అనగలిగాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇల్లు రెండుగా చీలింది. అత్త కొడుకు వైపు, గాజుల మీద ఆశతో. నేను ఎటూ కాకుండా గోడవైపు. గొడవ ముదురుతుందనుకున్నాను. తండ్రీకొడుకులు ఇద్దరూ మొండివాళ్ళే. కానీ నాలుగో రోజుకు మా మామ ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. "సరేలేప్పా, ఆ వ్యాపారిని పిలిపించు. వచ్చి చూసి ధర చెప్పనీ. నచ్చితే ఇచ్చేద్దాం," అన్నాడు. మా ఆయన నమ్మలేక రెండుసార్లు అడిగాడు.

ఆ రోజు సాయంత్రం మామ నన్ను పిలిచి, "అమ్మా, ఈ తూరి మడత నేనే మారుస్తాలే, నువ్వు ఆ పెట్టె జోలికి పోవద్దు," అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. అయినా నాకు ఒళ్ళంతా చెమట పట్టింది, చెమట పట్టని చేతులతో సహా. ఆయన పెట్టె తెరుస్తాడు, హంసల చీర చూస్తాడు, నన్ను అడుగుతాడు అని రోజూ ఎదురుచూశాను. ఆయన అడగలేదు. మడత మార్చాడో లేదో కూడా నాకు తెలియనివ్వలేదు. వ్యాపారి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నేను ఇంట్లో పిల్లిలాగా తిరిగాను. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు ఉలిక్కిపడేదాన్ని.

వ్యాపారి ఒక ఉదయం పూట వచ్చాడు. తెల్లటి చొక్కా, బంగారు పన్ను, కన్నడం సగం తెలుగు సగం మాట. మా ఆయన ముందు రోజే నడిమింటికి సున్నం వేయించాడు. చాప పరిచారు. మా మామ పెట్టె తెరిచి మొదటి చీర తీసి వ్యాపారి ముందు పెట్టాడు. ఏనుగుల చీర అది.

ఏనుగులు నల్లగా ఉన్నాయి. వాటి నడుమ దీపాలూ నల్లగానే ఉన్నాయి.

రెండో చీర నల్లగా ఉంది. మూడోది నలుపు. ఒక్కొక్కటే చాప మీదికి వస్తూ ఉంది, ప్రతిదానికీ అంచూ కొంగూ మసి. ఆఖరికి ఆ పేరులేని అంచు కూడా. నేను తలుపు చాటున నిలబడి ఏడూ లెక్కపెట్టాను. నేను గంధకం పెట్టింది ఒక్క చీరలోనే. ఆ పాడు నలుపు చీర నుంచి చీరకు అంటుకుందని, పెట్టె మొత్తం చెరిచిందని అనుకున్నాను. ఇరవై ఏళ్ళపాటు ఒక మనిషి తిరిగి తిరిగి కూడబెట్టినదాన్ని నేను పిడికెడు పొడితో తగలబెట్టాను. 

వ్యాపారి ఒక అంచు ఎత్తి వెలుతురులో చూశాడు. పెదవి విరిచాడు.

"ఏమప్పా పెద్దాయనా, ఇది జరీనా? రాగి మీద పూత పూసినారు. ఎవరో నిన్ను బాగా మోసం చేసినారు," అన్నాడు. "కాల్చుకునేటోళ్ళకు ఇచ్చుకో. తూకానికి ఏదన్నా ఇస్తారు."

మా మామ గురించి ఒక మాట చెప్పాలి. తన జరీని ఎవరైనా రాగి అంటే ఊరుకునే మనిషి కాదు ఆయన. ఒకసారి అట్లా అన్నందుకు సొంత బావమరిదినే ఏడాదిపాటు గడప తొక్కనివ్వలేదు. గోడ గూట్లో గీటురాయి ఉంది. చేయి చాపితే అందుతుంది. తీసి ఒక పోగు గీసి చూపిస్తే వ్యాపారి నోరు మూతపడేది. ఆయన చేయి చాపలేదు. తల వంచుకుని, "అట్లనా అప్పా," అన్నాడు. "నాకేం తెలుసు, పల్లెటూరి మనిషిని."

ఆయన గుండె పగిలిందని, అందుకే గీటురాయి కూడా తీయలేకపోయాడని నాకనిపించింది. ఆ తల వంచుకోవడం చూసి నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

వ్యాపారి కాఫీ కూడా తాగకుండా పోయాడు. మా ఆయన వాళ్ళ నాయనను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నాలుగు రోజులు మాట లేకుండా మగ్గం నేశాడు. అత్త మాత్రం నోటికొచ్చినంతా అంది. "ఇరవై ఏండ్లు రాగి మోసుకోనొచ్చినావా అప్పా, నా మెడ బోసి చేసి!" అని. మామ మెల్లగా చీరలన్నీ మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. కళ్యాణదుర్గం స్నేహితుడికి వేరే భాగస్తుడు దొరికాడు. ఇల్లు అమ్మి మరీ భాగం పెట్టాడట ఆ మనిషి. మిల్లు మొదలుపెట్టిన రోజు మా ఆయన పోలేదు. ఒళ్ళు బాగాలేదని పడుకున్నాడు.

ఆ తర్వాత ఏమైందో మా జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. విత్తనం భూమిలోనే మాడింది. మరుసటి ఏడు ఒక్క వాన పడి ఆశ చూపించి, పూత దశలో ఎండ కాసింది. పుట్టింటి నుంచి మా నాయన వచ్చినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నాడు. "కాయ పట్టలేదు తల్లీ, తీగ పీకితే ఊడలే వస్తాండాయి," అన్నాడు. కాయే లేనప్పుడు మిల్లు ఏం ఒలుస్తుంది?

రెండో ఏడు చివర్లో మా ఆయన పట్టు బేరానికి పోయి, దారిలో కళ్యాణదుర్గంలో దిగి ఆ మిల్లు చూసి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే అరుగు మీద కూలబడ్డాడు. నేను నీళ్ళిచ్చాను. చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగేశాడు.

"మిల్లుకు తాళం వేసినారు," అన్నాడు. "మిషను తిప్పే పట్టా ఎలకలు కొరికేసినాయి. ఆ భాగస్తుడు లేడూ, ఇల్లు అమ్ముకున్నాయన, ఆయప్ప పెండ్లాం బిడ్డల్ని తోలుకోని కూలికి పోయినాడంట. యాడికి పోయినాడో నా స్నేహితునికి కూడా తెలీదు."

 మా ఆయన చెంబు కింద పెట్టి, "మనమే ఆడుండాల్సినోళ్ళం," అన్నాడు. "బతికిపోయినాం. ఆ చీరలు నల్లబడబట్టి బతికిపోయినాం." తర్వాత లోపలికి పోయి, మగ్గం గుంతలో కూర్చుని ఉన్న వాళ్ళ నాయన ఎదురుగా చాలాసేపు ఊరకే నిలబడి బయటికి వచ్చాడు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు మళ్ళీ కలిసి నవ్వడం మొదలుపెట్టారు. మా అత్త దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. మూడు మగ్గాలు మాకు మిగిలాయి. కరువులో నేత తగ్గింది, రెండు పూటలూ జొన్న సంగటే తిన్నాం. అయినా ఇల్లు మాది, మగ్గాలు మావి. పక్కన ఎందరి ఇళ్ళు ఖాళీ అవుతున్నాయో చూస్తూ ఉంటే, అదెంత పెద్ద సంగతో ప్రతి పూటా తెలిసేది.

అందరికీ బరువు దిగింది, నాకు సగమే దిగింది. ఇల్లు నిలబడిందన్న సంతోషం నాకూ ఉంది. కానీ మామ ముఖం చూసినప్పుడల్లా ఆ ఏడు చీరలు గుర్తుకొచ్చేవి. నా వల్ల మంచి జరిగిందని సంబరపడదామంటే, ఆ మంచి ఆయన ఆస్తి తగలబడితే వచ్చింది. ఈ పక్క చూస్తే దొంగను, ఆ పక్క చూస్తే దేవతను. రెండూ నేను కాదు, తెలివితక్కువదాన్ని మాత్రమే.

వానలు మళ్ళీ మొదలైన ఏడు, ఊళ్ళో ఒక పట్టు వర్తకుడు కొత్తరకం అంచు కావాలని మామను అడిగాడు. ఎవరి దగ్గరా లేనిదై ఉండాలట. మామ పేరులేని అంచు చీర బయటికి తీశాడు. మధ్యాహ్నం భోజనాలకు ముందు, అరుగు మీద నీడలో కూర్చుని, మెత్తటి బియ్యప్పిండి నూలుగుడ్డ మీద చల్లుకుని అంచును రుద్దసాగాడు. నేను పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. రుద్దిన చోట నలుపు గుడ్డకు అంటుతోంది. ఒక అంగుళం మేర జరీ బయటపడింది. మునుపటంత మెరుపు లేదు, పోగుల సందుల్లో నలుపు ఇంకా ఉంది. కానీ జరీ జరీయే. ఆకో, అలో, రెక్కో మళ్ళీ కనిపించింది.

అది చూసేసరికి నాకిక ఆగలేదు. చేట కింద పెట్టేశాను.

"మామా, ఈ నలుపు నా వల్లనే వచ్చినాది," అన్నాను. "పురుగు పట్టిందని గంధకం మూట పెట్టినా. నాకు తెలీక చేసినా."

ఆయన చేయి ఆగలేదు. "ఏ చీరలో పెట్టినావు?" అన్నాడు.

"హంసల చీరలో."

"అదొక్కదాంట్లోనే?"

"అదొక్కదాంట్లోనే. తెలిసినాక మూట పారేసినా."

"మల్ల తక్కిన ఆరూ ఎట్ల నల్లబడినాయి?"

"దాన్నుంచి వీటికి పాకింటాది."

"పాకేదానికి అదేమన్నా తామరా?" అన్నాడు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయన గుడ్డ పక్కన పెట్టి, నా వైపు చూడకుండా, వీధి వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు బూడిదకుప్ప మీద మూట పారేసేది మగ్గం గుంతలోంచి చూసినా. పోయి తీసి వాసన చూసినా, అర్థమైపాయ. పెట్టె తెరిచి హంసల్ని చూసినా. నిన్ను అడగల్లనే వస్తాండా, ఇంతలోకే వీడు మిల్లు మాట ఎత్తినాడు. మూడు దినాలు నిద్ర పట్టలేదమ్మా. వద్దని నేనంటే వీడు వినేవాడు కాదు. వయసొచ్చిన కొడుకుతో ఎన్నాళ్ళని కొట్లాడేది? నాలుగో దినం నీ మూట మల్ల తెచ్చి పెట్టెలో పెట్టినా. అది ఏడింటికీ చాలదని అంగట్లో ఇంకా కొనుక్కోనొచ్చి, ఒక్కో మడతలో ఒక్కో మూట పెట్టినా. ఆ వ్యాపారి వచ్చే ముందర దినం అన్నీ తీసేసినా. నలుపు రుద్దితే పోతాది. బెంగళూరికి పోయిన చీర తిరిగి రాదు."

 వ్యాపారి రాగి అన్నప్పుడు ఆయన తల ఎందుకు వంచుకున్నాడో, గీటురాయి ఎందుకు తీయలేదో అప్పుడు తెలిసింది. ఆ పూట ఆయన నవ్వు ఆపుకుంటూ ఉన్నాడు, లేదా ఏడుపు. ఏదైనా తల వంచుకోవాల్సిందే. నా భుజాల మీద నుంచి ఏదో దిగిపోయింది. గాలి బాగా ఆడినట్టనిపించింది. అది ఒక్క క్షణమే. మరుక్షణం నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"రెండేండ్లు మామా!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రెండేండ్లు నేను ఈ ఇంట్లో దొంగ మాదిరి తిరిగినా. నీ ముఖం చూసేదానికి కూడా నాకు ముఖం లేకపాయ. ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోతుండె?"

"చెప్పల్లనే అనుకున్నా," అన్నాడు మెల్లగా. "నీకు చెప్తే నువ్వు వానికి చెప్తావేమోనని. ఆడోళ్ళ నోట్లో..."

"రెండేండ్లు నోరు మూసుకోనే కదా ఉండినా!"

ఆయన తన చేతికంటిన నలుపును పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "తప్పే చేసినా తల్లీ," అన్నాడు. "నువ్వు అన్నం సరింగా తినకుండా లేచిపోయేది రోజూ చూస్తానే ఉండినా. చీరల్ని కాపాడుకున్నా గానీ నిన్ను చూసుకోలేదు."

పెద్దవాడు, అంత మాట అంటాడని నేననుకోలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపు వచ్చింది, దాని వెనకాలే నవ్వు కూడా వచ్చింది. "మీ కొడుక్కు చెప్తావా?" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"చెప్తే వాడు నన్నూ ఆ మిల్లుకే తోలేస్తాడు," అన్నాడు. ఇద్దరం నవ్వాం. వంటింట్లోంచి అత్త, "ఏందప్పా ఆ నవ్వులు, అన్నానికి రారా?" అని కేకేసింది.

పోయి కూర్చున్నాను. వేడి సంగటి, మిరపకాయ గొజ్జు. ముద్ద ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. విస్తరి ముందుకు జరిపి రెండో ముద్ద అడిగాను. అత్త గరిటె పట్టుకుని నన్ను వింతగా చూసి, "ఏమైందే నీకు ఈ పొద్దు?" అంది.

"ఆకలయితాంది అత్తా," అన్నాను.